మన జిల్లా రొట్టెకు రోడ్డు మీద ఒక ఇల్లు కావాలి

సంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,

నేను పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. పుట్టి పెరిగింది ఝరాసంగం మండలంలోని ఒక పల్లెలో, ఇప్పుడు ఉంటున్నది ఇస్నాపూర్‌లో అద్దె ఇంట్లో. చెప్పదలచుకున్నది అర్జీగా రాసుకుని సోమవారం ప్రజావాణిలో వరుసలో నిలబడి మీ చేతికే ఇవ్వవచ్చు. అయితే ఇది నా పట్టా గురించో, మా అమ్మ పింఛను గురించో కాదు. నాతోపాటు అడగవలసినవాళ్లు జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలని ఇలా నలుగురిలో రాస్తున్నాను.

అడిగేది ముందే చెప్పేస్తాను. ముంబై హైవే మీద, ముత్తంగికీ సంగారెడ్డికీ మధ్య, మన జిల్లా తిండికి ఒక ఇల్లు కట్టించండి. జిల్లా పేరు మీద, జిల్లా పూచీ మీద నడిచే ఇల్లు. ఈ కోరిక నాకు పుట్టింది ఇక్కడ కాదు, టోక్యోలో గింజా అనే పేటలో. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మా కంపెనీ నన్ను మూడు నెలల శిక్షణకు జపాన్ పంపింది. టోక్యో పక్కన సైతామాలో బస. ఆదివారాలు సెలవు. జేబులో డబ్బు తక్కువ, చూడాలన్న ఆశ ఎక్కువ. గింజాలో నడవడానికి డబ్బు అక్కర్లేదని తోటి ఉద్యోగి ఒకాయన చెప్పాడు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం నుంచి అక్కడి పెద్ద వీధిలో బండ్లు ఆపేస్తారు. జనం రోడ్డు నడుమ నడుస్తారు, కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. 1970 నుంచి ఇదే ఆచారం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం పాదచారుల స్వర్గం. ఇస్నాపూర్ చౌరస్తాలో రోజూ లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే నాకు ఆ పేరు వినగానే కడుపు నిండింది.

గింజా అంటే వెండి నాణేల టంకశాల. 1612లో తొకుగావా పాలకులు టంకశాలను అక్కడికి మార్చారు. 1800లో టంకశాల మరోచోటికి వెళ్లిపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన కొండాపూర్ గుర్తొచ్చింది. సంగారెడ్డి పక్కనే ఉన్న ఆ దిబ్బను 1940ల మొదట్లో నిజాం రాజ్య పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల నాణేలు కుప్పలుగా బయటపడ్డాయి, రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అక్కడ టంకశాల ఉండేదని చరిత్రకారులు అంటారు. అంటే గింజాకు పదిహేను వందల ఏళ్ల ముందే మనకొక గింజా ఉంది. ఇప్పుడక్కడ ఒక మ్యూజియం, కొన్ని చెట్లు ఉన్నాయి. చూసి వచ్చినవాడికి ఆ చుట్టుపక్కల తినడానికి ఊరి వంట ఒక్కటి కూడా దొరకదు.

గింజా భవనాల గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే నేను అడుగుతున్న ఇల్లు ఎలా ఉండాలో అక్కడే అర్థమైంది. 1872లో ఆ పేట అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ కాలకూడదని ప్రభుత్వం ఐర్లండ్ ఇంజనీరు థామస్ వాటర్స్‌తో ఇటుకల పట్టణం కట్టించింది. 1923 భూకంపం ఆ ఇటుకలనూ కూల్చేసింది. 1932లో నాలుగో చోమె (అంటే పేటలో నాలుగో భాగం) కూడలిలో హత్తోరి వారి గడియారాల దుకాణం రాతి ముఖంతో, పైన గడియార స్తంభంతో లేచింది. తర్వాత దానికి వాకో అనే పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడినా అది నిలిచింది. టోక్యోలో ఎవరినైనా కలవాలంటే ఆ గడియారం కింద కలుద్దామంటారు, మనం సంగారెడ్డి కొత్త బస్టాండు దగ్గర అన్నట్టు.

దానికి దగ్గర్లోనే 2001లో ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో కట్టిన గాజు ఇటుకల మేడ ఉంది. పొద్దుగూకాక లోపలి దీపాలతో అది పెద్ద కాగితం లాంతరులా వెలుగుతుంది. తోయో ఇతో అనే వాస్తుశిల్పి 2005లో కట్టిన ముత్యాల దుకాణం గోడలకు కిటికీలు వరుసలో ఉండవు. నీటిలో బుడగలు తేలినట్టు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఎనిమిదో చోమెలో కురోకావా కిషో 1972లో కట్టిన నకాగిన్ గూళ్ల మేడ ఉండేదట. 140 గూళ్లు, ఒక్కో గూటిలో ఒక్కో మనిషి. 2022లో విప్పేశారు. ఫొటోలో చూస్తే, ఒకదాని మీద ఒకటి పేర్చిన మా లేబర్ క్వార్టర్లకు కాస్త పెద్దింటి చుట్టంలా అనిపించింది.

ఈ మేడలన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, కానీ ఎత్తులో పడవు. 56 మీటర్లు దాటకూడదని 1998లో నియమం పెట్టుకున్నారు. తర్వాత ఆకాశహర్మ్యం కడతామని ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ వీధి దుకాణదారులే కూర్చుని మాట్లాడుకుని, మా వీధికి అంత ఎత్తు వద్దన్నారు. 2017లో అక్కడ లేచిన గింజా సిక్స్ కూడా ఆ గీత దాటలేదు. నేల విలువ చూస్తే ఎత్తు కట్టుకోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది. 2024లో ఐదో చోమెలో చదరపు మీటరు నేలకు పన్ను శాఖ కట్టిన విలువ 4 కోట్ల 40 లక్షల యెన్‌లు దాటింది. మన లెక్కలో రెండు కోట్ల రూపాయల పైమాటే. జపాన్ మొత్తంలో అదే అన్నిటికన్నా ఖరీదైన నేల.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తున్నాను. అంత ఖరీదైన వీధుల్లో, వజ్రాలూ తోలు సంచులూ అమ్మే దుకాణాల పక్కన, పల్లెటూళ్ల కొట్లు ఉన్నాయి. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు. ప్రిఫెక్చర్ అంటే మన జిల్లాకన్నా పెద్దది, రాష్ట్రంకన్నా చిన్నది అనుకోండి. వాటిలో చాలావాటికి గింజాలోనో, పక్కనే యురాకుచోలోనో సొంత దుకాణం ఉంది. హిరోషిమా వాళ్ల 'తావు' 2012లో తెరిచారు. యమగాతా, ఇబరాకి, కుమామోతో, ఇవాతే, ఇలా వరుసగా కనిపిస్తాయి. యురాకుచోలో 1965లో కట్టిన కోత్సు కైకాన్ అనే పాత మేడలో హొక్కైదో వాళ్ల కొట్టు ఉంది, పాల ఐస్‌క్రీము కోసం ఎప్పుడూ బారు. అదే మేడలో పైకి వెళితే, నగరం వదిలి పల్లెకు తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు ఊరు చూపించి సలహా చెప్పే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. కింద ఊరి తిండి, పైన ఊరి దారి.

వీటిని యాంటెనా షాపులు అంటారు. ఆ పేరెందుకో నాకు మొదట అర్థం కాలేదు. యాంటెనా పంపడమే కాదు, అందుకుంటుంది కూడా. ఊరి సరుకును నగరానికి చూపడం ఒక పని. నగరం వాళ్లు ఏది కొన్నారు, ఏది రుచి చూసి పక్కన పెట్టారు, సంచి పెద్దదైందా, ఉప్పు ఎక్కువైందా అన్నది ఊరికి చేరవేయడం రెండో పని. లాభనష్టాల ఖాతా ఒక్కటే చూస్తే అంత అద్దె కట్టి ఎండు చిలగడదుంపలు అమ్మడం పిచ్చిపనే. అయినా ప్రజల డబ్బుతో నడుపుతున్నారంటే, ఆ రెండో పనికి వాళ్లు వెల కట్టారన్నమాట.

కుమామోతో కొట్టులో తామరదుంప రంధ్రాల్లో ఆవముద్ద కూరి వేయించి పెట్టారు. ముక్కులోంచి ఘాటు తన్నింది, మా అమ్మమ్మ ఆవకాయ గుర్తొచ్చింది. ఇబరాకి కొట్టులో ఎండబెట్టిన చిలగడదుంప. హిరోషిమా వాళ్ల దగ్గర నిమ్మకాయతో చేయని వస్తువు లేదు. అన్ని చోట్లా ఒకటే పద్ధతి. ఏ ఊరిది, ఎవరు పండించారు, ఎప్పుడు కోశారు అన్నది సంచి మీద ఉంటుంది.

కబుకి నాటకశాల ఎదురుగా ఇవాతే వాళ్ల కొట్టు. ఇవాతే జపాన్‌కు ఈశాన్యాన ఉన్న చలి సీమ. సముద్రం మీంచి చల్లగాలి వీస్తే వరి గింజ పట్టదు. అందుకని అక్కడి రైతులు తరతరాలుగా చిరుధాన్యాలు తిన్నారు. అరల మధ్య తిరుగుతుంటే ఒక చిన్న సంచి కనిపించింది. అందులో పసుపుపచ్చగా, ఆవగింజంత గింజలు. అరచేతిలో పెట్టుకుని చూశాను. సందేహం లేదు, కొర్రలు. తోడొచ్చిన తోటి ఉద్యోగి సంచి మీది అక్షరాలు చదివి "అవా" అన్నాడు. పక్కనే "హియే", మన ఊదలకు దాయాది. ఇంకో సంచిలో "కిబి", అది మన వరిగ. ఒకప్పుడు బీదవాళ్ల కూడు అని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారట, ఇప్పుడు అన్నంలో ఒక చెంచా కలిపి వండుకోవడానికి నగరం వాళ్లు వెతుక్కుని కొంటున్నారట. ధర చూసి సంచి కింద పెట్టాను, మళ్లీ తీశాను, కొన్నాను.

కలెక్టర్ గారూ, ఆ కొట్టులో నిలబడి నేను మన హైవేను తలుచుకున్నాను.

మియాపూర్ దాటినప్పటి నుంచి సంగారెడ్డి దాకా ఈ రోడ్డు మీద ఏం దొరుకుతుందో మీకూ తెలుసు. పంజాబీ ధాబాలు ఉన్నాయి, ఆంధ్రా భోజన హోటళ్లు ఉన్నాయి, బిర్యానీకి లెక్కలేదు. లోపలి రోడ్ల మీదికి వస్తే పాశమైలారంలో రేకుల షెడ్డు కింద ఒడియా మెస్సులో నీళ్లన్నం, ఉల్లిగడ్డ, కాల్చిన వంకాయ. బిహార్ వాళ్ల తోపుడుబండి మీద లిట్టీ, ఎండాకాలంలో గ్లాసుల్లో సత్తు షర్బత్. బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఆదివారం చేప వండుకుంటే గల్లీ మొత్తానికీ ఆవనూనె వాసన. బోర్డు లేదు, ప్రభుత్వ సాయం లేదు, అయినా ఒక్కో మెస్సూ ఒక్కో రాష్ట్రపు యాంటెనా షాపే. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలినప్పుడు చనిపోయినవారిలో ఎక్కువమంది ఇలా దూరాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల ఊళ్ల పేర్లు మనలో చాలామందికి మరుసటి రోజు పత్రికలోనే తెలిశాయి. వాళ్లు ఏం తింటారో అడిగి ఉంటే ముందే తెలిసేవి.

దేశంలో సగం రాష్ట్రాల తిండి ఈ దారిలో దొరుకుతుంది. దొరకనిది ఈ జిల్లా తిండి ఒక్కటే. పొద్దున ఆరు గంటలకు సి షిఫ్టు, అంటే రాత్రి పని, దిగి వచ్చినవాడు వేడి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పుంటికూర పప్పు తినాలంటే ఊరికి బస్సెక్కాలి. సజ్జరొట్టెలో బెల్లం దంచిన మలీద బతుకమ్మకు తప్ప కనబడదు. జొన్న గట్క, అంబలి, పచ్చిపులుసు ఇళ్లలోనే తగ్గిపోతున్నాయి, ఇక బయట ఎవరు పెడతారు?

ఎందుకిలా అయిందో నేను కొత్తగా కనిపెట్టింది లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, దానికి దండం పెట్టాలి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం వస్తోంది, అదీ మంచిదే. కానీ రేషన్‌లో బియ్యం వచ్చినకొద్దీ జొన్న పండించేవాడి చేను పడావు పడింది. జొన్నరొట్టె తినేవాడు బీదవాడన్న మాట బలపడింది. మా ఊళ్లో పిల్లలు స్కూలుకు రొట్టె తీసుకెళ్లడానికి సిగ్గుపడేవాళ్లు. నేనూ పడ్డాను.

ఆ సిగ్గును ఎదిరించినవాళ్లు కూడా మన జిల్లావాళ్లే. 1983లోనే జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్ గారు వెనక నిలబడ్డారు, ముందు నడిచింది ఊరూరా సంఘాలు కట్టిన దళిత మహిళలు. పడావు భూముల్ని దున్ని జొన్న వేసి, ఆ జొన్నలనే ఊళ్లో రేషన్‌గా పంచుకునే పద్ధతిని 1990లలో నడిపి చూపించారు. నీళ్లు పెట్టకుండా చలికాలపు మంచుకే పండే పంటల్ని వాళ్లు సత్యం పంటలు అంటారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి పాత పంటల జాతర ఊరూరా తిప్పుతారు. మాచనూరులో సంఘం రేడియో 2008లో మొదలైంది. జహీరాబాద్‌లో చిరుధాన్యాల హోటల్ తెరిచి కొర్ర అన్నం, జొన్నరొట్టె బల్ల మీద పెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. ప్రపంచానికి తెలిసిన పని ఇది. వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు, సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరంలోని మా పారిశ్రామికవాడకు మాత్రం తెలియదు.

ఇంకో విడ్డూరం చూడండి. 1972 నుంచి పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు, అన్నీ కలిపి లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు అక్కడి చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం తోటలో వందల రకాల మామిడి ఉంది. ప్రపంచపు జొన్నలకు బీరువా మన జిల్లాలో ఉంది, జొన్నరొట్టెకు పళ్లెం లేదు.

అందుకే ఇల్లు అంటున్నాను. అది ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను.

మొదటిది, కట్టడం. రేకుల షెడ్డు వద్దు, అద్దాల పెట్టె వద్దు. బీదర్ కోట కట్టిన ఎర్రరాయి మన జహీరాబాద్ వైపు నేలలోనూ పరుచుకుని ఉంది. తాండూరు బండలు పక్క జిల్లావి. మందపు గోడ, మిద్దె కప్పు, ముందర వెడల్పాటి అరుగు ఉంటే చాలు, ఏప్రిల్‌లో కూడా ఏసీ అడగదు. షిఫ్టు దిగినవాడు చెప్పులు విప్పి అరుగు మీద చేరగిలబడాలి. డిజైన్ కోసం దూరం పోనక్కర్లేదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ జపాన్ ప్రభుత్వ సహకారంతో కట్టింది, కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు చేయి వేశారు. జపాన్ వాస్తుశిల్పం చూడాలంటే మా షిఫ్టు బస్సు కిటికీలోంచే చూడొచ్చన్నమాట. ఆ క్యాంపస్‌లో డిజైన్ విభాగం ఉంది. విద్యార్థులకు పోటీ పెట్టండి. పల్లెల్లో మిద్దెలు కట్టిన పాత మేస్త్రీలను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టండి.

కొత్తగా కట్టడానికి నిధులు లేవంటారా, సంగారెడ్డి పాత జైలు ఉంది. 1796 నాటిది, 2016 నుంచి మ్యూజియం. ఐదు వందలు కట్టి ఒక రోజు ఖైదీలా గడిపి, ఖైదీల తిండి తినొచ్చని దేశమంతటా వార్తలొచ్చాయి. మన జిల్లాలో డబ్బిచ్చి తినమని ప్రభుత్వం పిలిచిన తిండి జైలు కూడు ఒక్కటే అయితే, అది మనకు మర్యాద కాదు. అదే ప్రాంగణంలో ఒక మూల రొట్టెల పొయ్యి వెలిగించినా నేను సంతోషిస్తాను.

రెండోది, ఎవరు నడపాలి. మహిళా సంఘాలు ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు ఇప్పటికే నడుపుతున్నాయి. ఆ అనుభవం ఉంది. కానీ మామూలు క్యాంటీన్‌లా ఇడ్లీ, దోసె, పులిహోర పెడితే ఈ ఇంటికి అర్థం లేదు. నెలకొక మండలం చొప్పున వంతు ఇవ్వండి. న్యాల్‌కల్ నెలలో పచ్చజొన్న రొట్టె, జహీరాబాద్ నెలలో అల్లం, ఆలుగడ్డ, బెల్లం. వానాకాలంలో మక్క గారెలు. విత్తకుండా చేలల్లో మొలిచే తుమ్మికూర, గునుగుకూర, పొన్నగంటికూర వచ్చే రోజుల్లో అవి. గింజాలో కూడా ఇలాగే ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం ఇంకో ఊరు వచ్చి సరుకు పెడతాయి. మెనూ మారకపోతే యాంటెనా తుప్పు పడుతుంది.

మూడోది, కొత్త నోటికి అలవాటు చేయడం. గింజాలోని కిమురాయ అనే రొట్టెల దుకాణం 1869లో మొదలైంది. రొట్టె ఆ రోజుల్లో జపాన్‌వాళ్లకు విదేశీ వస్తువు, పెద్దగా ఎవరూ తినేవాళ్లు కాదు. 1874లో వాళ్లు బియ్యపు మద్యం తయారుచేసే పులిసిన ముద్దతో పిండి పొంగించి, లోపల తీపి చిక్కుడుముద్ద పెట్టారు. మన బూరెకు తమ్ముడు. మరుసటి ఏడు చక్రవర్తికి సమర్పించారు, అంతే, దేశం తినడం మొదలుపెట్టింది. పరాయి వస్తువును నాలుకకు దగ్గర చేయగలిగినప్పుడు, మన వస్తువును మన పిల్లలకు దగ్గర చేయలేమా? సత్తుపిండి ముద్దను షిఫ్టు జేబులో పట్టేలా చుట్టి ఇవ్వండి. సత్తు తాగే బిహారీ తమ్ముడే మొదటి గిరాకీ అవుతాడు. వారానికొక రోజు వంటగదిని ఆ ఒడియా, బిహారీ మెస్సుల వాళ్లకు ఇవ్వండి. మన రొట్టె వాళ్లు తింటారు, వాళ్ల నీళ్లన్నం మన సద్దన్నమేనని మనకూ తెలుస్తుంది.

నాలుగోది చెప్పడం కష్టం, చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. పటాన్‌చెరు పేరుతో తిండి అమ్మితే ఎవరు కొంటారు? కర్మాగారాల వ్యర్థాలతో పాడైన నక్కవాగు కథ అందరికీ తెలుసు. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం, 1994లో వచ్చిన ఉమ్మడి శుద్ధి కేంద్రం, ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన లెక్క, ఇవన్నీ రాతపూర్వకంగా ఉన్నాయి. ఝరాసంగం చేలు ఆ వాగుకు చాలా దూరం, ఎగువన ఉన్నాయి. కానీ కొనేవాడు మ్యాపు చూసి కొనడు, పేరు విని వెనక్కి తగ్గుతాడు.

దీనికీ ఒక దారి చూశాను. గింజా నుంచి అదే వీధిలో ఉత్తరానికి నడిస్తే నిహోన్‌బాషి వస్తుంది. అక్కడ ఫుకుషిమా వాళ్ల కొట్టు ఉంది, 2014లో తెరిచారు. పేరు 'మిదెత్తె'. వాళ్ల యాసలో "చూసి వెళ్లండి" అని. 2011లో అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత ఆ సీమ బియ్యం కొనేవాడు లేకుండా పోయాడు. వాళ్లు వాదించలేదు. 2012 నుంచి పండిన బియ్యపు సంచులన్నిటినీ ఒక్కటి వదలకుండా యంత్రం మీద పెట్టి పరీక్షించి, ఫలితం సంచికే అంటించారు. కొన్నేళ్లు అలా చేశాక నమ్మకం మెల్లగా తిరిగొచ్చింది. కొట్టుకు ఆ పేరు పెట్టుకునే ధైర్యం ఆ పరీక్షలే ఇచ్చాయనుకుంటాను.

క్వాలిటీ విభాగంలో పనిచేసేవాణ్ని కాబట్టి ఈ మాట నాకు బాగా అర్థమైంది. సరుకు బాగుందని చెప్పడం వేరు, కొలిచిన కాగితం సరుకు పక్కన పెట్టడం వేరు. మన ఇంట్లో అమ్మే ప్రతి సంచి మీద ఊరి పేరు, చేను ఎక్కడుంది, నేల, నీరు ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది అన్నది తెలుగులో, హిందీలో రాయించండి. మంచి ఫలితం వచ్చినవే కాకుండా రానివి కూడా గోడ మీద పెట్టండి. అప్పుడు ఆ ఇల్లు వాగు గురించి కూడా ప్రతి నెలా ఒక మాట చెబుతుంది. అది కొందరికి ఇబ్బంది కావచ్చు. ఇబ్బంది లేని యాంటెనా ఏదీ సరిగ్గా పట్టదు.

డబ్బు సంగతి. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి గారు టోక్యో వెళ్లినప్పుడు రుద్రారంలోని తోషిబా కర్మాగారాన్ని విస్తరించడానికి ఒప్పందం కుదిరింది. జపాన్ నుంచి ఇంజనీర్లు వస్తున్నారు, వస్తారు. వచ్చినవాళ్లను మనం హైటెక్ సిటీకి తీసుకెళ్లి జపాన్ భోజనం పెట్టిస్తున్నాం. మా దగ్గరికొచ్చిన ఒకాయన నన్ను అడిగాడు, "మీ ఊరి మేఇబుత్సు ఏమిటి?" అని. ఊరికి పేరు తెచ్చిన తిండి, వస్తువు అని దాని అర్థం. అక్కడ అది పలకరింపు లాంటి ప్రశ్న. నేను జవాబు చెప్పగలిగాను, చూపించలేకపోయాను. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లో ఒక చిన్న వాటా చాలు ఈ ఇంటికి. గింజా నేలతో పోలిస్తే మన హైవే నేల ఉచితం కిందే లెక్క.

చివరగా ఆ కొర్రల సంచి ఏమైందో చెప్పి ముగిస్తాను. సెలవుపై ఊరికి వెళ్లినప్పుడు మా అమ్మకు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింత చిన్న సంచిల పెట్టి అమ్ముతున్నరా బిడ్డా?"

ధర చెప్పాను. నమ్మలేదు. సంచి చించి గింజలు చేటలో పోసి వేళ్లతో కదిపింది. దేశం కాని దేశపు కొర్రలు కదా, నాలుగు మళ్లలో వేసి చూద్దామా అన్నాను.

"ఇది పొట్టు తీసిన గింజ. మొలవది" అంది.

లేచి అటక మీది ఈత బుట్ట దించింది. పైన అలికిన మట్టి పగలగొట్టింది. బూడిద, ఎండిన వేపాకు కింద మా ఇంటి కొర్రలు, పొట్టుతోనే ఉన్నాయి. ఎన్నేళ్లుగా అలా ఏటా కొత్తవి నింపి పెడుతోందో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

కలెక్టర్ గారూ, కొట్టు పెడితే పని అయిపోయిందని నేననుకోవడం లేదు. కొట్టులో ఉండేది పొట్టు తీసిన గింజే. విత్తేవాళ్లు చేలో ఉండాలి, వాళ్లకు గిరాకీ రోడ్డు మీద ఉండాలి. మా అమ్మ తన వంతు బుట్టలో దాచింది. రోడ్డు మీది వంతు మీది. ఆ ఇంటికి స్థలం చూడటానికి మీరు ఎప్పుడు బయలుదేరినా, ఇస్నాపూర్ చౌరస్తాలో నేనొచ్చి కలుస్తాను. పొద్దున ఆరున్నరకైతే మరీ మంచిది, సి షిఫ్టు దిగినవాళ్లు అప్పుడే చౌరస్తాకు వస్తారు. ఆకలితో ఉన్నవాళ్లను మీరే చూడొచ్చు.

ఇట్లు,
మీ జిల్లా వాసి,
ఇస్నాపూర్, పటాన్‌చెరు మండలం